పేషెంటు తాలూకు

"పెంటప్ప తాలూకు ఎవరు?" కాంపౌండర్ గుమ్మంలోంచి కేకేశాడు. "పేషెంటు వద్దు. రిపోర్టు ఇంటివాళ్ళకే చెప్తారు."

తలకు రుమాలు చుట్టుకున్న ఒకాయన బెంచీ మీంచి లేచాడు. "నేనే. అన్నను" అన్నాడు. ఆయన అన్న అన్నాడు గనక మనమూ అన్న అనే అందాం.

డాక్టర్ వాసుదేవ్ సోలాపూర్ అశోక్ చౌక్‌లో కొత్తగా బోర్డు కట్టిన నరాల డాక్టరు. దాజీ పేట్ నేతగాడు పెంటప్పకు ఆపరేషన్ జరిగింది పుణేలో. పెంటప్ప పుణే దాటలేదు గాని, ఆయన తలలోంచి తీసిన గడ్డ ముక్క పరీక్షకని బొంబాయి కూడా చూసొచ్చింది. రిపోర్టు ఇక్కడికొచ్చింది. రోగి ముఖం వాసుదేవ్ ఇంకా చూడలేదు.

"కూసో కాకా. మీ తమ్మునికి ఇంట్ల ఎవలున్నరు?"

"నేనే సార్. ఒకటే కంచంల తింటం, ఒకటే మంచంల పంటం."

"పెండ్లి కాలేదా?"

"అయింది. ఆమె పోయింది. పిల్లల్లేరు. ఇంట్ల నోరు తెరిచి మాట్లాడేది మగ్గమొక్కటే."

డాక్టర్ రిపోర్టు తిరగేశాడు. "గడ్డ ముక్కకు రంగు మందు పట్టించి చూసిండ్రు. ఒక తీరు ప్రొటీన్ ఉన్న కాడ రంగు తేలుతది. గది తక్కువుంటే గడ్డ ఉన్న కాడనే ఉంటది. ఎక్కువుంటే పక్క మెదడులకు దారి చేసుకుంట పోతది."

"మరి మా గడ్డకు?"

"బాగా తేలింది కాకా."

అన్న నోరు ఊరుకోలేదు. "ఇంట్ల ఉల్లిగడ్డ లేదు, ఆలుగడ్డ లేదు. గీ గడ్డకే బర్కత్, పెరుగుడే పెరుగుడు! కోసి తీసిండ్రు కద సార్?"

"కండ్లకు కనబడ్డది తీసిండ్రు. కనబడకుంట పాకింది మిగిలింది."

"మా తాతలు గూడ సిరిసిల్ల దిక్కు నుంచి గిట్లనే పాకుకుంట వచ్చి, గీ సోలాపూర్ గడ్డ మీద పడ్డరు. ఎల్లగొట్టుడు ఎవలతోని కాలే."

నవ్వింది ఆయనొక్కడే. ఆ నవ్వు గదంతా తిరిగి, ఎవరూ పట్టించుకోక, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది.

"ఒక్క మాట చెప్పుండ్రి సార్. సేఠ్ కొత్త పడుగు ఇస్తనంటుండు. పెద్దది, దీపావళికి గూడ ఒడువది. సగం నేసిన పడుగు మగ్గం మీద ఇడిచి పోతే ఇంకోడు ముట్టడు. పట్టుకోవాల్నా, వద్దా?"

డాక్టర్ కిటికీ వైపు చూశాడు.

"చిన్న పడుగు పట్టుకొమ్మను."

అన్న తలూపాడు. జారుతున్న రుమాలును సర్దుకున్నాడు.

"గీ ముచ్చట మీ తమ్మునికి చెప్పకు కాకా, ధైర్యం చెడ్తది. ఒంటిగ గూడ ఇడువకు."

"పుట్టిన కాన్నుంచి ఇడువలే సార్. ఇప్పుడేం ఇడుస్త?"

"మంచిది. సోమవారం తోల్కరా. కుట్లు తీయాలె."

అన్న లేవలేదు. రుమాలు కొస వెతికి పట్టుకుని, ఒక్కొక్క చుట్టే విప్పాడు. గొరిగిన తల మీద చెవి వెనక నుంచి నడినెత్తి దాకా నల్లటి కుట్లు.

"తోల్కనే వచ్చిన సార్."