నవ్విన చేతులు

ఆ రోజుల్లో ఏలినవారిని ఎదుటే వెక్కిరించవచ్చు, దానికి శిక్ష లేదు. నవ్వినవారికే శిక్ష. ప్రతి చేతికీ సర్కారు కడియం తొడిగింది. నవ్వితే అది ఎర్రబడుతుంది, ఎర్రబడితే కొలువు ఊడుతుంది.

బుర్రకథలో రాజకీయం చెప్పే వంత నూకరత్నం, మంత్రి ఎదుటే చురక వేసింది. "మా ఊరికి గొడుగులు పంచారు బాబయ్యా. కర్రలు మాకు, గుడ్డలు తమరికి."

సభ నవ్వు రాకుండా పళ్లు బిగించింది. కడియం లేని మంత్రి మాత్రం పగలబడి నవ్వాడు. ఆయనే నవ్వాక మనకేం భయమని జనమూ గొల్లున నవ్వారు. ముందువరసలో ఉన్న నూకరత్నం కూతురు, బడిపంతులమ్మ, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటూనే నవ్వేసింది. నవ్విన చేతుల కడియాలన్నీ ఎర్రబడ్డాయి.

నూకరత్నం కూతురి కడియం చూసి గుమ్మెట కింద పెట్టేసింది.

మంత్రి నవ్వాపి కళ్లు తుడుచుకున్నాడు. "బాగుందమ్మా. వెనకవరసలో ఇంకా కొందరు నవ్వలేదు. ఇంకోటి చెప్పు."