బల్బుకు పెట్టిన పేరు

రేపటి ప్రయాణానికి పెట్టె సర్దుకుని కూర్చున్నాను. పది రోజులకని వచ్చి నాలుగు నెలలైంది. కూతురింట్లోనైనా చుట్టం చుట్టమే.

మా అల్లుడు స్టూలెక్కి, ఫోనుతో వెలిగే బల్బులు బిగిస్తున్నాడు.

"ఐదుసార్లు లైటు వేసి ఆర్పండి అత్తయ్యగారూ. అప్పుడే ఫోను దీన్ని గుర్తుపడుతుంది."

"ఒక్కసారి నొక్కితే వెలిగేదాన్ని ఐదుసార్లు నొక్కించడానికా అల్లుడుగారూ, అంత చదువు చదివారు?"

గంటన్నరకు నాలుగు బల్బులు వెలిగాయి. ఒక్కోదానికి గది పేరు పెట్టాలట. పెట్టి, ఘనకార్యంలా ఫోను నాకు చూపించాడు.

హాలు. వంటిల్లు. పడకగది. నాలుగోది 'గెస్ట్ రూము' అనుకున్నాను. 'అత్తయ్యగారి గది' అని ఉంది.

పెట్టె విప్పేశాను. ఆ ఫోనులో చార్జింగు అయిపోయిననాడు, గోడమీద స్విచ్చు ఎక్కడుందో చూపించడానికి ఇంట్లో ఒకరుండాలి కదా!