పినాంగ్ ఓడ

"మళ్లీ వచ్చినావా?" మునిరామయ్య చేతిలోని ఫైలు బల్లమీద విసిరికొట్టాడు.

గుమ్మంలో మునస్వామి నవ్వుతూ నిలబడ్డాడు. మలేషియాలోని పినాంగ్‌లో పుట్టిన తెలుగువాడు. తిరుపతిలోని ఆ ప్రైవేటు కాలేజీలో డిగ్రీ ముగించినా ఇంకా హాస్టల్ చుట్టూనే తిరుగుతున్నాడు.

విదేశీ విద్యార్థుల సెక్షన్‌కు మునిరామయ్య సూపరింటెండెంటు.

"కొత్త రూలు వచ్చింది కదా సార్. మా దేశమోళ్లకు గూడా వీసా కావాలంట. చదువు అయిపోయింది, ఎల్లిపొమ్మని చిత్తూరులో పోలీసోళ్లు అంటా ఉండారు. నేను ఈడ అవసరమని కాలేజీ ఒక్క మాట చెప్తే ఉండనిస్తారు."

"ఉండి ఏం జేస్తావు?"

"పని ఉండాది సార్."

"పనా! చదువుకోను వచ్చినోడు పని జేయకూడదప్పా. అదీ రూలే!"

"జీతం పని కాదు సార్. కొత్తగా వచ్చే పిల్లోళ్లు..."

"వాళ్ల సంగతి నేను సూసుకుంటా. నువ్వు మూట సర్దుకో."

"మా తాతది చిత్తూరు కాడ ఐరాల సార్. ఆ లెక్కన నేనూ ఈడోణ్ణే."

"అయితే మీ తాతనే వచ్చి పోలీసోళ్లకు చెప్పమను!"

మునస్వామి మరి నవ్వలేదు. ఆ వారమే ఓడెక్కాడు.

పీడ వదిలిందనుకున్నాడు మునిరామయ్య.

ఈసారి పినాంగ్ నుంచి విద్యార్థులు రాకపోతే సెక్షన్ మూసేస్తానని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాడు. సెక్షన్‌తోపాటు మునిరామయ్య ఉద్యోగమూ పోతుంది.

అయినా అతనికి దిగులు లేదు. ఏటా వస్తూనే ఉన్నారు. అదంతా తాను అచ్చువేయించి పంపే రంగుల కరపత్రం మహిమ! ఈసారి రెట్టింపు పంపాడు. వీసా ఎలా తెచ్చుకోవాలో కూడా అందులో వేయించాడు.

ఓడ వచ్చే రోజు పూలదండలతో, కాలేజీ బస్సుతో మద్రాసు రేవులో నిలబడ్డాడు.

జనం దిగారు. పెట్టెలు దిగాయి. ఒక్క విద్యార్థి కూడా దిగలేదు.

తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పినాంగ్ తెలుగు ముసలమ్మ ఒకామె దగ్గరికి వచ్చింది.

"ఇది తిరుపతి బస్సా నాయనా?"

"అవునమ్మా. మీ ఊరి పిల్లోళ్లు యాడ? వీసాలు ఇయ్యలేదా?"

"అడిగితే ఇస్తారంట. పంపేదానికే భయం."

"ఏం భయం? నిన్నటిదాకా పంపినారు కదా!"

"అప్పుడు జరమొస్తే పక్కన కూర్చునేదానికి, పోలీసోళ్లు పిలిస్తే చిత్తూరికి తోడు పోయేదానికి మనిషి ఉన్నాడు కదప్పా."

"మా కాలేజీకి ఎంత పేరుండాదో తెల్సా?"

ముసలమ్మ విసుక్కుంది.

"మీ కాలేజీ పేరు మా ఊళ్లో ఎవురికి తెల్సు? 'బిడ్డను మునస్వామి కాడికి పంపినాం' అనే కదా అందరూ చెప్పుకునేది!"