నీళ్ళెక్కువైన మొక్క

అయినా ఇది హత్య కాదు కదా, అనుకున్నాడు ప్రకాష్ బాబు చెంబు వంచుతూ. చంపాలని పోస్తే హత్య. జబ్బు చేయాలని పోస్తే? దానికి పేరేమిటో అతనికి తట్టలేదు. కిటికీ అంచున మట్టికుండీలో ఉన్న ఆ దళసరి ఆకుల మొక్క నిన్నటి నీళ్ళే ఇంకా తాగలేదు. అతను ఇవాళ్టివి కూడా పోశాడు.

మొక్క బాగుంటే మేడమీదికి వెళ్ళడానికి కారణం ఉండదు. చచ్చిపోతే అసలే ఉండదు. చావకుండా, బతక్కుండా ఉంచాలి. అదేమంత తేలిక కాదు. ఇప్పటికే రెండు మొక్కలు అతని లెక్క తప్పించి చచ్చిపోయాయి. ఇదొక్కటే మిగిలింది.

మేడమీది గదిలో గ్లోరియా ఉంటుంది. మదనపల్లెలో ఒక మిషన్ బడిలో టీచరు. పిల్లలతో హార్స్‌లీ హిల్స్ వెళ్ళినప్పుడు తెచ్చిన ఆ మొక్క పిలకల్ని ఆ ఇంట్లో అందరికీ పంచింది. కింద గదిలో అద్దెకుండే ప్రకాష్ బాబుకూ మూడు ఇచ్చింది.

ఎస్టీడీ బూత్‌లు ఇంకా వీధికొకటి రాని రోజులు. ప్రకాష్ బాబు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పుంగనూరును కుప్పంతో, కుప్పాన్ని పెద్దతిప్పసముద్రంతో కలిపి, "మాట్లాడండి" అని చెప్పడం అతని పని. సీట్లోంచి లేచాక తను ఎవరితోనైనా మాట్లాడాలంటే మాత్రం మాటే దొరికేది కాదు. మొదటి మొక్కకు నిజంగానే జబ్బు చేసింది. కుండీ పట్టుకుని మెట్లెక్కాడు. చేతిలో కుండీ ఉంటే మాటలు వాటంతటవే వచ్చాయి. ఆ రుచి మరిగాడు.

"మళ్ళీనా సార్?" గ్లోరియా మట్టిలో వేలు పెట్టింది. "ఇది కుండీనా, చెరువా? ఇవి ఆకుల్లోనే నీళ్ళు దాచుకుంటాయని ఎన్నిసార్లు చెప్పినాను! మట్టి బాగా ఎండినాకనే పోయాల."

"ఎండినట్టే కనిపించింది టీచర్."

"ఎవురికి?"

అతను గోడమీది క్యాలెండరు చూశాడు. ఆమె మొక్కను పాత పేపరుమీద పడుకోబెట్టి, నల్లబడిన వేర్లను కత్తెరతో కత్తిరించింది.

"దీన్ని నీడలో ఆరబెట్టాల. కోసిన చోటు గట్టిపడినాక ఇసుక ఎక్కువేసి నాటాల. కుండీ కింద బొక్క ఉండాది కదా?"

"ఉండాది."

"దాన్ని గానీ మూసినారా ఏమి?"

"అయ్యో, లేదు" అన్నాడు. ఆ ఉపాయం తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు.

గ్లోరియా అతని వైపు కాసేపు చూసింది. ఆ చూపులో ఉన్నది విసుగా, జాలా అని అతను రెండు రోజులు ఆలోచించాడు. విసుగేనని తేల్చుకున్నాడు. అయినా మొక్క చేతికి తిరిగి రాగానే మళ్ళీ చెంబు తీశాడు.

"ఏమప్పా, నీ చెట్టుకు ఎప్పుడూ రోగమేనా?" వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఇంటామె సుశీలమ్మ పలకరించింది. "మాకిచ్చినవి సూడు, ఎట్ల లావెక్కినాయో! నీళ్ళు పొయ్యడమే మరిసిపోతా నేను."

"నా చెయ్యి మంచిది కాదమ్మా."

"ఇంక నీ చెట్టుకు డాక్టరు కూడా దొరకదులే. టీచరమ్మ సెలవులకు కుప్పం పోతాది. వాళ్ళమ్మ ఆడనే ఉండిపొమ్మంటాందంట. ఉద్యోగం కూడా సూసి పెట్టినారంట."

ఆ సాయంత్రం ప్రకాష్ బాబు ఒక వాక్యం తయారుచేసుకున్నాడు. చిన్న వాక్యమే. కుండీ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతూ ఒక్కో మాట సరిచూసుకున్నాడు. తలుపు తీసిన గ్లోరియా అతన్ని నోరు తెరవనివ్వలేదు.

"ఇంక చాలు సార్. ఇది మీ దగ్గర బతకదు. ఈడనే వదిలిపెట్టండి, నేను చూసుకుంటా."

కుండీ లాక్కుంది. చేతులు ఖాళీ అయ్యాయి. వాక్యం కూడా కుండీతోపాటే పోయింది.

"సరే టీచర్" అన్నాడు.

తర్వాతి రోజుల్లో అతను ఆ మొక్క మీద అసూయపడ్డాడు. ఆమె దగ్గర ఏ మొక్కా చావదు. ఈపాటికి కొత్త ఆకులు వేసి, పిలకలు కూడా పెట్టి ఉంటుంది. ఇంకొక మొక్క అడగొచ్చు. ఏ ముఖం పెట్టుకుని? ఎక్స్ఛేంజిలో కుప్పం లైను కలిపినప్పుడు "మాట్లాడండి" అనడమే మరిచిపోయాడు. "హలో, లైన్లో ఉండావా అప్పా?" అని అవతలివాళ్ళు అరిచారు.

బడికి సెలవులిచ్చేశారు. ఆదివారం ఉదయం అతను ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఉత్త చేతులతోనే వెళ్తాను, అనుకున్నాడు. ఏం పని మీద వచ్చారంటే? పనేమీ లేదంటాను. గడియమీద చెయ్యి వేశాడు.

అవతల ఎవరో తలుపు తట్టారు.

గ్లోరియా. చేతిలో అదే కుండీ. ఆకులు పసుపుపచ్చగా మారి, మెత్తబడి, వేలాడిపోతున్నాయి. కుండీ అడుగునుంచి ఆమె చీరమీదికి నీళ్ళు కారుతున్నాయి.

"దీనికి జబ్బు చేసింది సార్. కొంచెం చూస్తారా?"

"మీ చేతిలోనా?"

అతను మట్టిలో వేలు పెట్టాడు. వేలు బురదలోకి సర్రున దిగిపోయింది. కుర్చీమీది బట్టలు తీసి మంచంమీద పడేసి, కుర్చీని ఆమె ముందుకు జరిపాడు.

"మీకు తెలియనిదా టీచర్? ఇన్ని నీళ్ళు యాల పోసినారు?"

గ్లోరియా కూర్చుంది.

"మీరు యాల పోసినారో, అందుకే."