ఆంప్లిఫయర్‌కు ఊపిరాడలేదు

“సంపినవ్! బంగారమసొంటి మిషన్‌ను గొంతు పిసికి సంపినవ్ పెంటప్పా!”

కరెంటు పోయి కార్ఖానాలో మరమగ్గాలన్నీ ఆగి ఉన్నాయి, లేకుంటే దత్తాత్రి సేటు ఏడుపు ఎవరికీ వినబడేది కాదు. ఎవరు చచ్చారో అని నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు లేచి చూశారు. చచ్చింది సేటు మారుతీ వ్యాన్‌లోని ఆంప్లిఫయర్. మళ్లీ కూర్చున్నారు.

సోలాపూర్ ఎండకు వ్యాన్ రంగు పోతుందని సేటు దాన్ని కార్ఖానా లోపలే, మగ్గాల పక్కన నిలుపుతాడు. మగ్గాల మోతను మించి పాట వినబడాలంటే గట్టిగా పెట్టాలి. గట్టిగా పెడితే సీటు కింది ఆంప్లిఫయర్ వేడెక్కి, పాట నడుమనే ఆగిపోయేది. పాపం, దాని ఉక్కపోత సేటు చూడలేకపోయాడు. జోడ్‌భావి పేటలో రేడియోలు బాగుచేసే పెంటప్పను పిలిచి దానికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టించాడు. మగ్గాల మధ్య చెమటలు కక్కే నలభై మందికి మాత్రం ఒక్క ఫ్యానూ లేదు. గాలికి దారం తెగుతుందట.

ఆ ఫ్యాన్లు పెట్టి ఎనిమిది రోజులు.

“తిరుగుతలేవా సేట్?” పెంటప్ప వ్యాన్‌లోకి వంగాడు.

“ఏడ తిరుగుతయ్? ముందుగాల గుర్రుమన్నయ్, ఎన్కనుంచి పొగ. బస్, ఖతం! చద్దర్లు కొననీకి వచ్చిన పార్టీ ముందట నా ఇజ్జత్ పాయె.”

పెంటప్ప నాలుగు స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల తీగలు కనబడలేదు. పరుపు కనబడింది. తెల్లటి దూది దుమ్ము మెత్తగా, మందంగా అణిగి ఉంది. వేలు పెట్టి లాగితే చారెడు ముద్ద ఊడివచ్చింది.

“ఫ్యాన్లు గాలి గుంజినయ్ సేట్. గాలెంబడి మీ కార్ఖానల దూది గుంజినయ్. నా తప్పేమున్నది?”

“నా కార్ఖానల దూదెక్కడిది?” అన్నాడు సేటు, అలవాటు కొద్దీ.

ఆ అలవాటు చేసింది కండెలు చుట్టే ద్రౌపది. నెల రోజులుగా ఆయన వెనకే తిరుగుతోంది. ఆమె మొగుడు లింగయ్య ఈ కార్ఖానాలోనే ఇరవై రెండేళ్లు చద్దర్లు నేసి, ఇప్పుడు ఇంట్లో గోడకానుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. దూదిలో పనిచేశాడని మాలిక్ రాసిస్తే చాలు, మాలిక్ ఖర్చు మీదే వైద్యం చేయిస్తానన్నాడు లేబర్ ఆఫీసు సాహెబు. సేటు రాయడు. ఆయన కార్ఖానాలో దూది ఎగరదు. లింగయ్యది బీడీ దగ్గు. మా ఆయన బీడీ ముట్టడు సేట్ అని ద్రౌపది అంటే, “ముట్టకుంటేంది, వాళ్లమ్మ బీడీలు చుడుతది గదా” అన్నాడు.

ద్రౌపది చేతిలోని కండె పక్కన పెట్టి వ్యాన్ దగ్గరికి వచ్చింది.

“పెంటప్పన్నా, నోరు జర సంభాళించుకో. మా సేట్ కార్ఖాన అద్దం లెక్క సాఫ్. దూది అన్నోని కండ్లు పోతయ్. నువ్వే మీ ఇంట్ల పరుపు చింపి దీంట్ల కుక్కినవేమో!”

“విన్నవా? మా కార్ఖానల పనిచేసేదే చెప్తున్నది,” అన్నాడు సేటు హుషారుగా.

“గట్లనే కానీ. దూది లేకుంటే తప్పు మీదే సేట్. అడ్డగోలుగ మోగిచ్చి కాల్చుకున్నరు. నేను పోత.”

“పో అన్నా,” అంది ద్రౌపది. “తప్పు సేట్‌దే అనుకో. పైసలున్నోళ్లు, ఇంకోటి కొంటరు.”

సేటు ముఖం మాడింది.

“నాది తప్పా? ఏయ్ పెంటప్పా, ఆగు! కండ్లున్నయా నీకు? పైకి చూడు, కప్పుకు ఏం ఏలాడుతున్నది? ఈ దూదిల ఎదురుంగ నిలబడ్డోని మొఖం కానరాదు. ముక్కు చీదితే దారమొస్తది! ఇసొంటి జాగల ఏ మిషన్ బతుకుతది? ఫ్యాన్ల ముందట దూది ఆపెటందుకు సన్న జాలీ పెట్టాలని తెల్వదా?”

“అంత దూదున్నదా సేట్?” ద్రౌపది గుండెల మీద చెయ్యేసుకుంది. “ఇన్నేండ్లు నాకు తెల్వనే తెల్వదు.”

“నీకేం తెలుస్తది, కండెలు చుట్టుడు తప్ప!”

పెంటప్ప మెడ గోక్కున్నాడు. “జాలీ ఇయ్యంది ఫ్యాన్లు అమ్మిన బొంబాయి షాపోడు. వాన్నే కొత్త మిషన్ ఇయ్యమని అడుగుత. గని వాడు నోటిమాట నమ్మడు. మిషన్ ఏడుండె, లోపలికి ఏం పోయింది, మాలిక్ రాసియ్యాలె.”

కొత్త మిషన్, అదీ పుక్కటికి! సేటు పెన్ను తీశాడు. కార్ఖానా పేరు అచ్చేసిన కాగితాన్ని తువ్వాళ్ల కట్ట మీద పెట్టి, తన చేతులతో తానే మరాఠీలో రాశాడు: “నా కార్ఖానాలో రేయింబవళ్లు దూది ఎగురుతుంది. ఎనిమిది రోజుల్లోనే లోపలంతా నిండి, గాలి ఆడక మిషన్ చెడిపోయింది. ఈ దూదిలో ఏదీ బతకదు.” సంతకం పెట్టాడు. తారీఖు వేశాడు. శిక్కా కొట్టాడు. అయినా ఆయనకు తృప్తి కలగలేదు. సాక్షి కూడా ఉండాలన్నాడు.

“ద్రౌపదీ, ఏడో తరగతి చదివినవ్ గదా. నువ్వు గూడ పెట్టు.”

ద్రౌపది పెట్టింది. సిరా ఆరేదాకా ఊదింది. కాగితాన్ని నాలుగు మడతలు వేసింది. పెంటప్ప చెయ్యి చాచలేదు. ఆమె దాన్ని రవికెలో దోపుకుంది.

“అరే, అది వానికియ్యి!” సేటు అరిచాడు.

“లేబర్ సాయెబుకు చూపిచ్చినంక ఇస్త సేట్. మిషన్‌ను ఎనిమిది రోజులల్ల సంపిన దూదిల మా ఆయన ఇరవై రెండేండ్లున్నడు. ఇగ నిలబడకుండ్రి, బండి తియ్యిండ్రి, ఆయనను ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె. పాటలు రాకున్నా ఏం ఫికర్ లేదు.”