ముందు వరుసలో కుర్చీ

నిజం చెప్పడానికి మనిషికి కావలసింది ధైర్యమా, చోటా?

షామియానా కింద కూర్చున్న ఆరిఫా తనను తాను ఈ ప్రశ్న అడుగుతూ ఉంది.

ఆమె నీటిపారుదల ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన మనిషి. ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉన్న ఈ ఊరి చెరువు కట్ట మొన్నటి వానలకు తెగింది. యశోద అనే బడిపిల్ల నీళ్ళలో కొట్టుకుపోయింది. కట్ట ఎందుకు తెగిందో ఏ పక్షం వహించకుండా తేల్చే బాధ్యతను ఆరిఫాకు అప్పగించారు.

షామియానాకు ఒక పక్క చిరంజీవి పార్టీ ఫ్లెక్సీ. మరో పక్క రాజు పార్టీ ఫ్లెక్సీ. ఇద్దరూ మండల నాయకులు. రెండు ఫ్లెక్సీల మీదా యశోద ఫోటోనే.

ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద చిరంజీవి తన కండువా పరిచాడు. రాజు వచ్చి ఆ కండువా మీద తన కండువా పరిచాడు.

"యశోద నాయినకు మేడం," అన్నాడు చిరంజీవి. "మా దిక్కు మాట్లాడతడు."

"ముందు దొరకనియ్యి అన్నా. ఎప్పుడు పోయినా ఇంటికి తాళమే," అని రాజు నవ్వాడు.

"నీక్కూడ తాళమేనా?"

విచారణ మొదలైంది. కుడివైపు వారు పాత ప్రభుత్వాన్ని తప్పుపట్టారు. ఎడమవైపు వారు ఇప్పటి ప్రభుత్వాన్ని తప్పుపట్టారు. ఒకరు చెప్పిన వాక్యమే, పొల్లు పోకుండా, పక్కవారి నోట వచ్చింది.

ఆరిఫా కలం కదల్లేదు.

ఇంతలో షామియానా ఒక మూల కిందికి జారింది. టెంటు హౌసు మనిషి ఒకడు తాళ్ళు విప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"విప్పుతున్న మేడం."

"విచారణ మధ్యలోనా? వెళ్ళి నీ పని చూసుకో."

"నా పని గిదే గద మేడం. కట్టుడు, విప్పుడు." అతడు చేయి ఆపలేదు. "ఈ నీడ కింద ఎవ్వలు చెప్పరు. కట్ట కాడికి పోదాం రాండ్రి."

చిరంజీవి లేచాడు. "ఎవల మనిషివిరా నువ్వు?"

"టెంటోన్ని."

జనంలో నవ్వు వినిపించింది. అంతవరకు ఆ ఊరివాళ్ళెవరూ నవ్వలేదని ఆరిఫాకు అప్పుడు తోచింది. ఆమె ఫైలు మూసి లేచింది.

"పదండి, కట్ట మీదికే."

తెగిన కట్ట మీద నాయకులిద్దరూ మళ్ళీ గొంతు సవరించుకున్నారు. ఆరిఫా చేయెత్తి ఆపింది.

"ఎవరు అన్నది నేను అడగను. ఏం జరిగింది? అది చెప్పండి."

టెంటు మనిషి అలుగు వైపు చూపించాడు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోవలసిన చోటు అది. అక్కడ చినిగిన ఇసుక బస్తాలు ఇంకా అడ్డంగా పడి ఉన్నాయి.

"ఏటా మేమే పెడతం మేడం. ఇంకో జానెడు నీళ్ళు ఆగితే ఆఖరి మడి దాక పారుతయని. పెద్దవాన పడ్డనాడు తీసెటోళ్ళు లేకపాయె. నీళ్ళకు తోవ లేక కట్టను తోసినయ్."

"నోరు ముయ్యి!" చిరంజీవి అరిచాడు. "ఊరిదే తప్పంటవా?"

"అన్న చెప్పేది కరెక్టే," అన్నాడు రాజు. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం ఆ రోజు అదే మొదలు.

టెంటు మనిషి గొంతు పెంచలేదు. "మళ్ళ వానకాలం వస్తది గదన్నా. ఇంకో ఇంట్ల పిల్లలుంటరు గద."

జనంలోంచి జంపక్క అనే ముసలామె ముందుకొచ్చింది.

"అవ్ బిడ్డా. మేమే పెట్టినం. రాసుకో."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. నీళ్ళు వదిలే తూము తలుపు తుప్పుపట్టి కదలదని ఒకరు చెప్పారు. బాగుచేయమని అడిగితే పాత ప్రభుత్వంలోనూ ఎవరూ రాలేదని, ఇప్పుడూ రాలేదని మరొకరు చెప్పారు. ఊరు తన తప్పు చెప్పుకున్నాక ఇతరుల తప్పు చెప్పడానికి దానికి ఏ పార్టీ తోడూ అక్కరలేకపోయింది. ఆరిఫా అన్నీ రాసుకుంది. వచ్చే వానలకు ముందే ఏం చేయాలో ఆమెకు స్పష్టంగా తెలిసింది.

తిరిగి వచ్చేసరికి షామియానా లేదు. సామానుతో ట్రాలీ ఆటో అడవి మలుపు తిరుగుతోంది. మడిచిన కండువాలు రెండూ కంచె మీద పక్కపక్కనే ఉన్నాయి.

అతని పేరైనా అడగలేదని ఆరిఫాకు గుర్తొచ్చింది.

ఆమె అక్కడే నిలబడి ఒక నిర్ణయం తీసుకుంది. ఆ వానలకే కట్ట తెగిన పై ఊళ్ళో మర్నాడు విచారణ ఉంది; వెంటనే అక్కడి అధికారికి ఫోన్ చేసింది. "రేపటి విచారణ మీ చెరువు కట్ట మీదే జరుపుదాం. షామియానా వద్దు, కుర్చీలు వద్దు."

"అట్లెట్ల మేడం?" చిరంజీవి అడ్డుపడ్డాడు. "ఈడనే ఇంకోనాడు పెట్టుండ్రి. యశోద నాయిన రానే రాకపాయె."

జంపక్క మలుపు వైపే చూస్తూ అంది.

"వచ్చిండు గద కొడుకా. ఆ కుర్చీ గూడ ఆయనే మోసుకపాయె."