మైనపు గొట్టంలో జోలపాట

కీ తిప్పుతుండగా పెట్టెలో టప్పున చప్పుడైంది. సుందరరాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏమైందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. స్ప్రింగు తెగింది.

బందరు కోనేరు సెంటర్లో గ్రామఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. ఊళ్లో ఎవరింట్లో పెట్టె మూగబోయినా అతని దగ్గరికే వస్తుంది. సొంతింట్లో ఉన్న ఈ పెట్టెను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. విప్పాలంటే భయం.

ఇది ప్లేట్లు వేసే రకం కాదు. మైనపు గొట్టం మీద సూది నడిచే పాతకాలపు యంత్రం. బాకా ముందు కూర్చుని పాడితే గొట్టం మీద గీతలు పడతాయి. మళ్లీ దాన్నే తిప్పితే ఆ పాట వినబడుతుంది. మిషన్ బంగళా దొరసాని తన దేశం వెళ్లిపోతూ, తన బండి తోలిన సుందరరాజు తండ్రి ఏసుపాదానికి ఇచ్చేసింది. దాంతోపాటు ఒకే ఒక్క గొట్టం. అందులో జోలపాట.

సుందరరాజుకి ఊహ తెలియకముందే తల్లి సువర్ణ కలరాతో పోయింది. ముఖం గుర్తు లేదు. ఫొటో అన్నా లేదు. చిన్నప్పుడు ఏడిస్తే తండ్రి ఏసుపాదం ఈ పెట్టెకి కీ ఇచ్చేవాడు. బాకాలోంచి సన్నటి గొంతు, పిట్ట కూసినట్టు గబగబా పాడేది.

"అమ్మ" అనేవాడు పిల్లాడు.

"పడుకో నాయనా" అనేవాడు తండ్రి.

ఏసుపాదానిది గొంతు అనడానికి లేదు. కొడుకు నడక నేర్చే రోజుల్లోనే జబ్బు చేసి, ఆస్పత్రిలో కోస్తే మిగిలిన జీర. ఆకురాయితో ఇనుము రాసినట్టు ఉంటుంది. మాట్లాడి ఊరుకుంటే బాగానే ఉండును. ఆదివారం గుడిలో కీర్తన ఎత్తుకోగానే ఆయనా కళ్లు మూసుకుని అందుకునేవాడు. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. పిల్లలు కిసుక్కుమనేవారు. సుందరరాజుకి తల కొట్టేసినట్టయ్యేది. తండ్రి పక్కన కూర్చోవడం మానేసి దూరంగా మరో బెంచీ చూసుకున్నాడు.

ఒకసారి అనేశాడు కూడా.

"దేవుడు అమ్మకిచ్చాడు గొంతు. నీకెందుకు నాన్నా పాటలు?"

ఆ తర్వాత నుంచి ఏసుపాదం గుడిలో పెదాలు మాత్రం కదిపేవాడు.

ఇప్పుడు గుడివాడ నుంచి సత్యవేదం మాస్టారు వస్తున్నారు, తమ అమ్మాయి రూతు సంబంధం మాట్లాడటానికి. 'మీ అమ్మగారి పాట మీ దగ్గర ఉందటగా, మా ఆవిడ విందామని సరదా పడుతోంది' అని కబురు కూడా పంపారు. అందుకని పెట్టె దించి తుడిచి, కీ తిప్పి చూస్తుంటే ఇలా అయింది.

ఇక విప్పక తప్పలేదు. కొత్త స్ప్రింగు వేశాడు. పక్కనే ఉన్న గవర్నరు అనే భాగాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. యంత్రం వేగాన్ని అదుపులో పెట్టేది అదే. చిన్న చిన్న బరువులు గిర్రున తిరిగి విచ్చుకుంటే, వాటితో కదిలే బిళ్ల ఒక తోలుముక్కకి ఒరుసుకుని పరుగు తగ్గిస్తుంది. ఆ తోలుముక్క ఎప్పుడో రాలిపోయింది. ఇన్నాళ్లూ పెట్టె పగ్గం తెంచుకున్న ఎద్దులా పరిగెత్తిందన్నమాట.

తోలు వేసి, మర బిగించి, వేగం ఎంతుండాలో అంతకి తెచ్చాడు. గొట్టం మాత్రం ఎక్కించి చూడలేదు. పాడించినప్పుడల్లా మైనం కొంత అరుగుతుంది. పనితనం చూసుకోవడానికి అమ్మ గొంతు అరగదీస్తాడా?

మాస్టారు వచ్చే రోజు పొద్దున్నే తండ్రి దగ్గరికి వెళ్లాడు.

"నాన్నా, వాళ్లున్నంతసేపూ నువ్వు పెరట్లో..."

"సరేలేరా. గేదె పని ఉందిగా" అన్నాడు ఏసుపాదం, ఉన్న గొంతుని ఇంకా తగ్గించి.

మాస్టారూ ఆయన భార్య జ్ఞానమ్మగారూ వచ్చారు. కాఫీలయ్యాయి.

"నాన్నగారు లేరా?" అడిగారు మాస్టారు.

"పని మీద పెడన వెళ్లారండీ."

కిటికీ అవతల గడ్డి దులుపుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. సుందరరాజు తలెత్తలేదు. గబగబా పెట్టెకి కీ ఇచ్చి సూది దించాడు.

పాట వచ్చింది. నిదానంగా, బరువుగా, బావిలోంచి వచ్చినట్టు.

జ్ఞానమ్మగారు భర్త వంక చూశారు.

"ఆడమనిషి గొంతేనంటారా?"

మాస్టారు నవ్వాపుకోడానికి మీసం సవరించుకున్నారు.

"వేగం తప్పిందండీ. ఏమీ అనుకోకండి" అన్నాడు సుందరరాజు. చెవులు వేడెక్కిపోయాయి. వేగం తప్పలేదని అతనికి తెలుసు. అయినా ఎక్కడో ఏదో చెడగొట్టి ఉంటాడు. ఊరందరి పెట్టెలూ బాగుచేసినవాడు కన్నతల్లి గొంతుని తన చేత్తోనే పాడుచేసుకున్నాడు. కాబోయే అత్తమామల ముందు ఆమెను నవ్వులపాలు చేశాడు. మర తిప్పబోయాడు.

ఈలోగా పాట అయిపోయింది. సూది గరగరమంటూ ఇంకా నడుస్తోంది. ఎప్పుడూ ఆ చోట ఒక కిచకిచ వినబడేది. అమ్మ నవ్వు అనుకునేవాడు. ఇవాళ అది నవ్వులా లేదు. మాటల్లా ఉంది.

"సువర్ణా, మన సుందరం నిద్రపోయాడు, ఇంక ఆపెయ్యమని చెప్పు దొరసానికి" అంది బాకాలోంచి, ఇంతసేపూ పాడిన ఆ కమ్మని మగగొంతు.